నల్ అంటే సున్నా కాదు

మొన్న ఒక కాగితం చూసి ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకముందే రాస్తున్నాను కాబట్టి ఈ టపాలో ఎక్కడైనా మాట తూలితే పెద్ద మనసు చేసుకోండి.

కాగితమంటే మరేం కాదు. ఓ పెద్దాసుపత్రిలో, పిల్లల నరాల డాక్టరు గది బయట, మా అక్క చేత నింపించిన ప్రశ్నాపత్రం. 22 ప్రశ్నలు. ఒక్కోదానికీ "ఎప్పుడూ లేదు" దగ్గర్నుంచి "దాదాపు ఎప్పుడూ" దాకా ఐదు గళ్ళు, 0 నుంచి 4 వరకూ మార్కులు. ఆఖర్న కూడిక. అక్కకొచ్చినవి 88కి 9. ఆ పక్కనే ఎర్ర సిరాతో తేల్చేశారు, "భారం లేదు, లేదా స్వల్పం" అని.

స్వల్పంట! మా అక్క బ్యాంకు ఉద్యోగం మానేసి నాలుగేళ్ళు దాటింది. అక్కా బావా కలిసి ఒక సినిమాకో పెళ్ళికో వెళ్ళి ఆరేళ్ళయింది. ఇంట్లో ఎవరో ఒకరు సగం మెలకువతో పడుకోని రాత్రి ఈ ఆరేళ్ళలో నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఇవన్నీ కలిపితే తొమ్మిది మార్కులు.

ఎవర్నో తిట్టడానికి కాదు ఈ టపా. ఆ ఫారం పట్టుకొచ్చిన అమ్మాయి ఎవరో చదువుకుంటున్న పిల్ల, పాపం తన పని తాను చేసింది. నా గొడవ ఆ కొలబద్దతో. అంతకన్నా ఎక్కువగా, కొలబద్ద ఏ అంకె చూపిస్తే దాన్ని నిజమని నమ్మేసే మన అలవాటుతో. నాతో నాకే ఉన్న గొడవ ఇంకొకటుంది, అది చివర్లో చెప్తాను.

* * *

ముందు జబ్బు సంగతి. మా మేనల్లుడికి డ్రావే సిండ్రోమ్. షార్లెట్ డ్రావే అనే ఫ్రెంచి వైద్యురాలు 1978లో దీన్ని మిగతా మూర్ఛల నుంచి విడదీసి వర్ణించారు. మెదడు కణాల్లోకి సోడియం వెళ్ళే దారుల్ని తయారుచేసే ఎస్సీఎన్1ఏ అనే జన్యువులో తప్పు పడటం వల్ల ఇది వస్తుందని 2001లో బెల్జియం శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. అప్పటిదాకా బొద్దుగా, బోసినవ్వులతో ఆడుకునే పిల్లలకి ఏడాది నిండేలోపు, జ్వరంతోనో ఒంట్లో వేడి పెరగడంతోనో ఫిట్స్ మొదలవుతాయి. ఒక్కోసారి అరగంటైనా ఆగవు. ఆ తర్వాత రకరకాల ఫిట్లు, మాటలూ నడకా వెనకబడటం, చదువు ఎక్కకపోవడం. మామూలు మూర్ఛకిచ్చే కొన్ని మందులు, కార్బమజెపిన్ లాంటివి, ఇందులో మేలు చెయ్యకపోగా ఫిట్లని పెంచుతాయి. నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం కూడా ఈ పిల్లలకి మిగతా మూర్ఛ ఉన్నవాళ్ళకన్నా ఎక్కువ. రాత్రిళ్ళు సగం మెలకువ అన్నానే, అందుకు.

మా వాడికి మొదటిది ఐదో నెలలో వచ్చింది. అక్క పురిటికొచ్చి ఇంకా మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని లాల పోసింది. మన ఇళ్ళల్లో చంటిపిల్లలకి నీళ్ళు ఎంత వేడిగా పోస్తారో తెలుసుగా, ఒళ్ళు ఎర్రగా కందితేగానీ బిడ్డ హాయిగా నిద్రపోడంటారు. తల తుడిచి సాంబ్రాణి పొగ వేస్తుండగా ఒక చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. నలభై నిమిషాలు ఆగలేదు.

ఆ రోజు నుంచీ మా అమ్మ ముద్దాయి. "నీళ్ళు కాగబెట్టి పోసేసిందట" అన్నారు వియ్యాలవారు. మొహాన అనలేదు, అనాల్సిన చోట్లన్నీ అన్నారు. కొన్నాళ్ళకి టీకా వేయించిన రోజు రాత్రి జ్వరం తగిలి ఇంకో ఫిట్ వచ్చింది. అప్పుడు ముద్దాయి టీకా వేసిన నర్సమ్మ. ఆ తర్వాత "మేనరికమా?" అని అడగని చుట్టం లేడు. కాదండీ అంటే, "మరి మీ వైపు ఎవరికన్నా ఉందేమో గుర్తుతెచ్చుకోండి" అని. పక్షిదోషమని ఒకరు తాయెత్తు కట్టించారు. ఫిట్ వచ్చిన ప్రతిసారీ చేతిలో తాళాల గుత్తి పెట్టడానికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు మాత్రం ఏ వీధిలోనైనా సిద్ధంగా ఉంటారు.

రెండేళ్ళకి జన్యుపరీక్ష చేయిస్తే తేలిందేమిటంటే, ఆ తప్పు అమ్మ నుంచీ రాలేదు, నాన్న నుంచీ రాలేదు. వాడిలోనే కొత్తగా పడింది. డ్రావే పిల్లల్లో ఎక్కువమందికి అంతే. వేడినీళ్ళు ఫిట్‌ని బయటికి లాగాయి తప్ప జబ్బుని పుట్టించలేదు. టీకా సంగతీ అంతే. 2006లో బెర్కోవిక్ అనే ఆస్ట్రేలియా వైద్యుడి బృందం, టీకా వల్లే మెదడు దెబ్బతిన్నదని నమ్ముతూ వచ్చిన 14 మందిని పరీక్ష చేస్తే 11 మందిలో ఈ ఎస్సీఎన్1ఏ తప్పే బయటపడింది.

కానీ మా రిపోర్టు వచ్చేటప్పటికే శిక్ష అమలైపోయింది. మా అమ్మ ఇప్పటికీ ఏ చంటిబిడ్డకీ లాల పొయ్యదు. మా వీధిలో సగంమంది పిల్లలకి పోసిన చెయ్యి అది. దీన్ని ఏ ప్రశ్నాపత్రంలో ఏ గడిలో వెయ్యాలో ఎవరైనా చెప్పండి.

* * *

ఇహ నా ఘనకార్యం. సాఫ్ట్‌వేరువాణ్ణి కదా, సమస్య కనబడగానే చేతులు ఎక్సెల్ మీదకి పోతాయి. అక్క గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుంటుంటే చూడలేక ఒక షీటు చేసిచ్చాను. తేదీ, టైము, ఏ రకం ఫిట్, ఎన్ని నిమిషాలు, జ్వరం ఉందా, ఏ మందు ఎంత. దాని మీద రంగురంగుల గ్రాఫులు. డాక్టరుగారు తెగ మెచ్చుకున్నారు. ఆ షీటు చూసే ఒక మందు మార్చారు, మంచే జరిగింది. నెలకి పదిహేను దాకా వచ్చేవి ఆరేడుకి దిగాయి. ఆ గీత కిందకి దిగుతుంటే నాకు ఎంత గర్వమో! ఆఫీసులో పిలిచి మరీ చూపించాను.

గీత బాగా దిగిన ఆ ఏడాదే అక్క ఉద్యోగం మానేసింది. ఆ ఏడాదే ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు, అర్ధరాత్రి కేకలూ ఆటోలూ మిగతా వాటాల వాళ్ళకి ఇబ్బందిగా ఉందని. ఆ ఏడాదే మా మేనకోడలు, అంటే వీడి అక్క, తన పుట్టినరోజుకి స్కూలు స్నేహితుల్ని ఇంటికి పిలవొద్దంది. ఎందుకని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. నా షీటులో వీటికి కాలమ్ లేదు. కాలమ్ లేకపోతే జరగనట్టే కదా మా లోకంలో!

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనమైతే బాగానే ఉండేది. గొప్ప గొప్ప పరిశోధనలూ ముందు ఆ గీతనే చూస్తాయి. గంజాయి మొక్క నుంచి తీసిన కానబిడయాల్ అనే మందుని డ్రావే ఉన్న 120 మంది పిల్లలూ యువకుల మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ప్రధాన కొలత ఒకటే: నెలకి ఎన్ని ఫిట్లు. మందు వాడినవాళ్ళలో ఆ సంఖ్య మధ్యస్థం 12.4 నుంచి 5.9కి తగ్గింది. ఉత్తుత్తి మందు వాడినవాళ్ళలో 14.9 నుంచి 14.1. నిజంగా గొప్ప ఫలితమే, కాదనను. ఆ తర్వాతి ఏడాది అమెరికాలో ఆ మందుకి అనుమతీ వచ్చింది. చూసుకునేవాళ్ళని కూడా అడిగారు, బిడ్డ మొత్తమ్మీద మెరుగైందా అని. మందు వైపు 62 శాతం, ఉత్తుత్తి మందు వైపు 34 శాతం అవునన్నారు. అయితే ఆ ప్రశ్న బిడ్డ గురించి. అడిగించుకున్న మనిషి గురించి కాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఫిట్లు 12 నుంచి 6కి తగ్గితే జబ్బు సగమైనట్టు. మరి కాపలా? ఏ రోజు వస్తుందో, ఏ గంటకి వస్తుందో తెలియనప్పుడు, నెలకి ఆరైనా పన్నెండైనా కాపలా ముప్పై రోజులూ కాయాల్సిందే. ఫిట్ల గీత సగానికి పడినా ఆ ఇంటి మెడ మీద కాడి అంగుళం కూడా కదలకపోవచ్చు. రెండూ వేర్వేరు అంకెలు. ఒకదాన్ని కొలిచి రెండోది కూడా తెలిసినట్టు మాట్లాడితే దాన్ని మా వృత్తిలో బగ్ అంటారు.

మా కంపెనీలో ఆన్ కాల్ అని ఒక పద్ధతుంది. వారంపాటు ఫోను పక్కన పెట్టుకుని పడుకోవాలి, సర్వరు పడిపోతే లేచి చూడాలి. ఆ వారం ఒక్క ఫోను రాకపోయినా సరే, ఆన్ కాల్ చేసినట్టే లెక్క. భత్యం ఇస్తారు, వారం తర్వాత ఇంకొకళ్ళకి మారుస్తారు. ఎందుకంటే ఫోను ఎన్నిసార్లు మోగిందన్నది కాదు, మోగుతుందేమోనని ఉండటమే పని అని వాళ్ళకి తెలుసు. ఒక సర్వరు విషయంలో ఇంత జ్ఞానం ఉంది మనకి. మా అక్క ఆరేళ్ళుగా ఆన్ కాల్‌లో ఉంది, మార్చేవాళ్ళు లేరు. ఆవిడ మార్కులు తొమ్మిది.

* * *

ఆ తొమ్మిది ఎలా వచ్చిందో అక్కనే అడిగాను.

"ఇదేంటక్కా, భారంగా అనిపిస్తుందా అంటే ఎప్పుడూ లేదని పెట్టావు?"

"మరేం పెట్టమంటావురా? నా బిడ్డ నాకు భారమని రాసి సంతకం పెట్టనా?"

"చుట్టాలతో ఇబ్బందులు?"

"ఏ చుట్టాలు? ఎవరింటికి వెళ్తున్నాం గనక ఇబ్బంది రావడానికి?"

"కోపం, చిరాకు.. ఇవి కూడా లేవా?"

"పక్కనే మా అత్తగారు కూచున్నారు. ఆ అమ్మాయి ఒక్కో ప్రశ్నా గట్టిగా చదువుతోంది. వరండా అంతా వింటోంది. నీకేం, బానే చెప్తావు."

అదీ సంగతి. ఇంటికొచ్చి ఆ ఫారం పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. స్టీవెన్ జారిట్ అనే అమెరికా మనస్తత్వవేత్త, మతి తప్పిన వృద్ధుల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళ కోసం 1980లో మొదలుపెట్టిన ప్రశ్నలవి. ఆయన పని ఆయన చక్కగా చేశాడు. అక్కణ్ణుంచి అది లోకమంతా తిరిగి, తెలుగులోకి దిగి, చివరికి మా అక్క ఒళ్ళో పడింది. వృద్ధుడైన మామగారు భారమని ఒక అమెరికా కోడలు చెప్పగలదేమో. కన్నబిడ్డ భారమా అని అత్తగారి ముందు అడిగితే తెలుగు తల్లి ఏం చెప్తుందో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. "భారం" అన్న ఒక్క మాటతోటే ఆ కొలబద్ద విరిగిపోయింది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. 1986లో స్కాంబ్లర్, హాప్కిన్స్ అని ఇద్దరు బ్రిటన్‌లో మూర్ఛ ఉన్నవాళ్ళతో మాట్లాడి ఒక తేడా పట్టుకున్నారు. ఎదుటివాళ్ళు నిజంగా చేసిన అవమానం ఒకటి. చేస్తారేమోనన్న భయం, సిగ్గు ఇంకొకటి. ఆ భయంతోనే జనం జబ్బుని దాచేస్తారు. దాచేస్తారు కాబట్టి అవమానం జరిగే అవకాశమే తక్కువ. అంచేత "మిమ్మల్ని ఎవరైనా అవమానించారా?" అని అడిగితే లేదనే వస్తుంది. కానీ ఆ "లేదు" కొనుక్కోవడానికి ఆ మనిషి బతుకులో సగం దాచుకోవాల్సి వచ్చింది. అంతకు చాలా ముందే, 1963లో, గోఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త చెప్పాడు, కళంకం ఆ మనిషితో ఆగదు, పక్కన నడిచేవాళ్ళకీ అంటుతుందని. మా బావ చెల్లెలికి కుదిరిందనుకున్న సంబంధం ఒకటి మాటామంతీ లేకుండా వెనక్కి పోయింది. కారణం ఎవరూ చెప్పలేదు. మనమూ అడగం. ఇది అవమానం జరిగినట్టా, జరగనట్టా? ఏ గడిలో టిక్కు పెట్టాలి?

హిందూ వివాహ చట్టంలో, మాటిమాటికీ వచ్చే పిచ్చితో పాటు మూర్ఛని కూడా పెళ్ళికి అడ్డంకిగా రాసి ఉండేది. 1999లో సవరణ చేసి ఆ మాట తీసేశారు. చట్టంలోంచైతే తీశారు, పెళ్ళిచూపుల్లోంచి ఎవరు తీస్తారు? పైగా చట్టం మాట్లాడింది పెళ్ళి చేసుకునే మనిషి జబ్బు గురించి. మన సంబంధాల బజారులో మేనల్లుడి జబ్బు కూడా లెక్కలోకే వస్తుంది.

డేటాబేసులతో పనిచేసేవాళ్ళకి మొదటి వారంలోనే చెప్పే పాఠం ఒకటుంది. నల్ వేరు, సున్నా వేరు. సున్నా అంటే చూశాం, ఏమీ లేదు అని. నల్ అంటే మాకు తెలియదు అని. నల్ ఉన్నచోట సున్నా వేసి సగటు తీసేవాణ్ణి ఏ టీములోనూ ఉంచుకోరు. ఒక సర్వరు నుంచి ఎర్రర్ లాగులు రావట్లేదంటే అది బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నా అయ్యుండాలి, ఎప్పుడో చచ్చి ఊరుకుందన్నా అయ్యుండాలి. మా అక్క ఫారంలో ఉన్న "ఎప్పుడూ లేదు"లన్నీ నల్‌లు. వాటిని సున్నాలుగా కూడి స్వల్పమని తేల్చేశారు.

* * *

ఈ మాట ఆఫీసులో అంటే రెండు రకాల జవాబులొచ్చాయి. రెండూ చదువుకున్నవాళ్ళవే.

ఒకటి: "ఎంత బాధైనా ఇది అరుదైన జబ్బు కదా. కోటిమందికి సుగరుంటే దాన్ని వదిలి దీన్ని కొలుస్తూ కూచోవాలా?"

సరే, లెక్కే చూద్దాం. అమెరికాలో 2015లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం డ్రావే సుమారు 15,700 జననాలకి ఒకటి. మన దేశంలో ఏడాదికి రెండుకోట్ల ముప్పై లక్షల దాకా పిల్లలు పుడతారు. అదే నిష్పత్తి మనకీ వర్తిస్తే ఏడాదికి 1,400 పైచిలుకు డ్రావే పిల్లలు. ఒక్క ఏడాదికి. ఒక్కొక్కరి చుట్టూ తల్లీ తండ్రీ, అక్కో తమ్ముడో, అమ్మమ్మా నానమ్మా. ఇది ఒక్క జబ్బే. వెస్ట్ సిండ్రోమ్, లెనాక్స్ గాస్టో, సీడీకేఎల్5, ఇలా విడివిడిగా అరుదైనవన్నీ కలిపితే అరుదు కాదు.

ఇంకో మెలిక ఉంది. 2021లో కేంద్రం అరుదైన జబ్బుల మీద జాతీయ విధానం తెచ్చింది. హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిపి ఒక కేంద్రంగా ఉన్నాయి. సంతోషం. కానీ అసలు ఏది అరుదు అన్నదానికి మన దేశానికంటూ అంకెల్లో నిర్వచనం పెట్టలేకపోయామని ఆ విధానంలోనే ఒప్పుకున్నారు, సరైన గణాంకాలు లేవు కాబట్టి. అంటే చూడండి: తక్కువమంది కాబట్టి లెక్కపెట్టం, లెక్కపెట్టలేదు కాబట్టి ఎంతమందో తెలియదు, తెలియదు కాబట్టి తక్కువమందే అనుకుంటాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. మూర్ఛ పేరు ఆ జాబితాలో లేదు. బిడ్డకి బుద్ధిమాంద్యం ఉంటే దాని కింద శాతం వేయించుకోవచ్చు. ఫిట్లవల్ల ఇల్లు మొత్తం ఆగిపోయినదానికి శాతం లేదు.

రెండో జవాబు ఇంకా సాత్వికంగా ఉంటుంది: "తల్లి బాధకి కొలతలేంటి బాసూ? అది మాటలకందనిది."

నాకు అసలు కోపం తెప్పించేది ఈ మాటే. వినడానికి ఎంతో గౌరవంగా ఉంటుంది. కానీ మాటలకందనిది బడ్జెట్టుకీ అందదు. బాధని కొలవమని ఎవరన్నారు? బాధ మీరన్నట్టే కొలవలేనిది, దాన్ని వదిలెయ్యండి. పోయిన జీతం కొలవొచ్చు. పోయిన నిద్ర కొలవొచ్చు. మారిన ఇళ్ళు లెక్కపెట్టొచ్చు. 2019లో మన దేశమంతటా టైము ఎలా వాడతారన్న సర్వే చేశారు. ఇంట్లోవాళ్ళ ఆలనాపాలనా చూసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు వెచ్చిస్తారని తేల్చారు. అంటే అడిగితే చెప్తారు, లెక్కపెడితే వస్తుంది. కాకపోతే అలాంటి సర్వేలో బిడ్డ పక్కన ఒక చెవి తెరుచుకుని పడుకున్న రాత్రి నిద్ర కిందే పోతుంది. ఆ లోపం సరిదిద్దుకోవాలి, సర్వే మానెయ్యడం కాదు.

బయట చేస్తున్నారు కూడా. ఐరోపాలో ఎక్కువగా జరిగిన ఒక సర్వేలో 584 డ్రావే కుటుంబాల వాళ్ళు జవాబులిచ్చారు, 2018లో ఫలితాలొచ్చాయి. 2019 డిసెంబరులో బ్రిటన్‌లో ఏ మందు ప్రజల ఖర్చుతో ఇవ్వాలో తేల్చే నైస్ అనే సంస్థ డ్రావేకి కానబిడయాల్‌ని సిఫారసు చేసినప్పుడు, చూసుకునేవాళ్ళ జీవితం కూడా ఆ చర్చలో లెక్కకొచ్చింది. అంకె ఉంది కాబట్టి చర్చకొచ్చింది. "మాటలకందనిది" అని ఊరుకుంటే వచ్చేది కాదు.

డబ్బున్న దేశాల సంగతి అంటారా? కెన్యాలో కిలిఫీ అనే తీరప్రాంతం ఉంది. మూర్ఛ వల్ల వచ్చే కళంకాన్ని కొలవడానికి అక్కడి జనంతో కూచుని, వాళ్ళు చెప్పుకున్న మాటల్లోంచే 15 ప్రశ్నల కొలబద్ద తయారుచేసుకున్నారు. కిలిఫీ వాళ్ళు చేసుకోగలిగింది ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషలో మనం చేసుకోలేమా?

* * *

తిట్టడం తేలికే, నువ్వైతే ఏం అడుగుతావోయ్ అంటారని తెలుసు. అక్కతోనూ, ఆసుపత్రి వరండాల్లో పరిచయమైన ఇంకో నాలుగు కుటుంబాలతోనూ మాట్లాడాక నాకు తోచినవి ఇవి. వీటిల్లో ఎక్కడా బాధ, భారం, సిగ్గు అన్న మాటలు లేవు, గమనించండి. జరిగినవే అడగాలి, అనిపించినవి తర్వాత.

1. ఈ బిడ్డ పుట్టాక ఇంట్లో ఎవరు ఉద్యోగం మానేశారు, ఎవరు తగ్గించుకున్నారు, అప్పటి జీతమెంత?

2. నిన్న రాత్రి బిడ్డ పక్కన ఎవరు పడుకున్నారు? మొన్న? అటు మొన్న? ఎన్నిసార్లు లేచారు?

3. గడిచిన ఏడాదిలో మీకు పిలుపొచ్చిన పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఎన్ని, వెళ్ళినవెన్ని, భార్యాభర్తలు కలిసి వెళ్ళినవెన్ని?

4. ఎన్ని ఇళ్ళు మారారు? ఎన్ని స్కూళ్ళు చేర్చుకోమన్నాయి?

5. జబ్బు పేరు ఎంతమందికి చెప్పారు? ఎవరెవరి దగ్గర దాచారు?

6. జబ్బు ఎవరి వల్ల వచ్చిందని ఇంట్లో అనుకున్నారు? అలా అనిపించుకున్నవాళ్ళు ఇప్పుడు మీ ఇంటికి వస్తున్నారా?

7. మిగతా పిల్లలతో ఆఖరిసారి స్కూలు ఫంక్షనుకి ఎప్పుడు వెళ్ళారు?

8. మీ బిడ్డని గంటసేపు నమ్మి వదిలి వెళ్ళగలిగిన మనుషులు ఎంతమంది?

అడిగే పద్ధతి కూడా మారాలి. తల్లిని ఒక్కదాన్నే, గదిలో కూచోబెట్టి అడగాలి. తండ్రిని విడిగా. పదేళ్ళు దాటిన తోబుట్టువులుంటే వాళ్ళని ఇంకా విడిగా. జవాబు చెప్పడం ఇష్టంలేకపోతే "చెప్పలేదు" అని ఒక గడి ఉండాలి, అది సున్నా కింద పోకూడదు. ఒక్కసారి అడిగి వదిలెయ్యకుండా ఏడాదికోసారి, ఫిట్ల గ్రాఫు పక్కనే ఇదీ ఉండాలి. ఇందులో రాకెట్ సైన్సు ఏమీ లేదు. తీరిక చేసుకోవాలంతే.

అన్నిట్లోకీ ఆ ఎనిమిదో ప్రశ్న ముఖ్యమని నా నమ్మకం. ఒక్కటే అడగనిస్తానంటే నేను అదే అడుగుతాను. గంటసేపు వదలాలంటే ఆ మనిషికి ఫిట్ గుర్తుపట్టడం రావాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ కుక్కకూడదని తెలియాలి. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో మిడజోలం స్ప్రే కొట్టగలగాలి. భయపడి పారిపోకూడదు. తర్వాత వీధిలో చెప్పుకోకూడదు. అన్నీ ఉన్న మనిషి ఒక్కడు పెరిగితే ఆ ఇంటికి వారానికో గంట దొరుకుతుంది. అది కూడా కొలతే, మందు డోసు లాంటిదే. పెంచొచ్చు కూడా, ఏ అమెరికా నుంచీ తెప్పించక్కర్లేదు.

* * *

ఇప్పుడు నాతో నాకున్న గొడవ.

పోయిన ఆదివారం ఈ ఎనిమిది ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను, పెద్ద పరిశోధకుడిలా. అత్తగారు గుడికెళ్ళారు, బావ వాణ్ణి మేడ మీద తిప్పుతున్నాడు. అక్క వంటింట్లో కూరలు తరుగుతూ ఒక్కోటీ చెప్పింది. మూడో ప్రశ్నకి నవ్వింది. ఆరో ప్రశ్నకి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అమ్మకి చెప్పకు" అని కొన్ని చెప్పింది. ఎనిమిదో ప్రశ్నకి వేళ్ళు లెక్కపెట్టడానికి కత్తిపీట పక్కన పెట్టింది.

"మీ బావ," అంది. ఒక వేలు మడిచింది.

ఇంకా ఎవరన్నా చెప్తుందేమోనని చూశాను.

"అంతేరా."

నేను లేను! పుట్టువెంట్రుకలు తీయించిన రోజు వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకున్న మేనమామని. ఆరేళ్ళ ఫిట్లు నిమిషాలతో సహా నా షీటులో ఉన్నాయి. ఏ నెలలో ఎన్ని వచ్చాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ ఒక్కటంటే ఒక్క గంట వాడితో నేనొక్కణ్ణే ఎప్పుడూ లేను. వాడికి ఫిట్ వచ్చిన ప్రతిసారీ నేను చేసిన పని ఫోనులో టైము చూడటం. అక్క నన్నేమీ అనలేదు. అనకపోవడాన్ని నేను ఆరేళ్ళుగా సున్నా అనుకున్నాను.

ఆ సాయంత్రం స్ప్రే ఎలా కొట్టాలో అక్క నేర్పించింది. ఖాళీ సీసాతో నాలుగుసార్లు చేయించింది, పక్కకి తిప్పడం దిండు మీద చేసి చూపించమంది. నిన్న అక్కా బావా కలిసి బజారుకి వెళ్ళారు. నలభై నిమిషాలకే తిరిగొచ్చేశారు, మధ్యలో మూడుసార్లు ఫోను చేశారు. వాడూ నేనూ గచ్చు మీద కార్లు నడుపుకున్నాం. ఏమీ కాలేదు. అయినా నా చొక్కా తడిసిపోయింది.

ఎనిమిదో ప్రశ్నకి జవాబు ఇప్పుడు 2. షీటులో కొత్త కాలమ్ పెట్టాను.

మీ చుట్టాల్లోనో వీధిలోనో ఇలాంటి ఇల్లొకటి ఉండే ఉంటుంది. వాళ్ళని ఎలా ఉన్నారని అడక్కండి, బానే ఉన్నామంటారు. గంటసేపు మీకు వదులుతారేమో అడగండి. వదలమంటే ఎందుకో కనుక్కోండి, నేర్చుకోండి. ఇక డాక్టర్లూ, గణాంకాలవాళ్ళూ, ఫారాలు తయారుచేసేవాళ్ళూ ఎవరైనా ఈ టపా చదివితే ఒకటే మనవి. ఖాళీ గళ్ళని ఖాళీగానే ఉంచండి మహాప్రభో. సున్నాలతో నింపకండి.